తాళము పట్టిన చేయి

దుఃఖితులకు పాట వినిపించుట పుణ్యకార్యమని మనలో ననేకులు తలంచెదరు. పండుగనాడు గాని, బిడ్డ పుట్టినదినమున గాని, పెద్దల సంవత్సరీకమునాడు గాని పట్టణములోని అనాథాశ్రమమునకో, మతి చలించినవారి నుంచిన శాలకో, అంధబధిర బాలుర పాఠశాలకో పోయి, అరటిపండ్లును రొట్టెలును పంచి, మన పిల్లలచేత రెండు కీర్తనలు పాడించి, వారు చప్పట్లు కొట్టగా సంతసించి యిల్లు చేరుచుందుము. ఈ యాచారమును నిందించుట నా యుద్దేశము కాదు. ఆకలిగొన్నవానికి అరటిపండు అరటిపండే. ఏకాకిగా నున్నవానికి ఒక గడియసేపు మనుష్యుల మొగములు కనబడుట మేలే. కాని యిట్టి సభలకు నేను పలుమారులు పోయితిని గాని, ఒక ప్రశ్నను మాత్ర మెవ్వరును అడుగగా వినలేదు. "మీలో పాడువా రెవరైన నున్నారా?" అనునదే యా ప్రశ్న. అడుగనివారు దయలేనివారు కారు. ఆ శాలలోనివారు పుచ్చుకొనువారే గాని యిచ్చువారు కారని మనము గడప దాటకముందే నిశ్చయించుకొని పోవుచున్నాము. అందుచేత ఆ ప్రశ్న మన నోట రాదు.

ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఈ చిన్న ప్రశ్ననే. మనోవ్యాధిగ్రస్తులును, అంగవైకల్యము గలవారును, బుద్ధిమాంద్యము గల బిడ్డలును పాట వినుటకు మాత్రమే యర్హులా, పాడుటకును అర్హులా? అర్హులైనచో ఆ యవకాశమును మనము వారికి మందువలె కొలిచి యీయవలెనా, లేక మనుష్యులగుటచేతనే అది వారికి చెల్లవలసిన భాగమా? వినుటకు ఇది సంగీతమునకు సంబంధించిన చర్చవలె నుండును. కొంత దూరము పోయిన పిదప, మన యిండ్లలో నెవరిని ముంగిట కూర్చుండబెట్టుచున్నాము, ఎవరిని పెరటిలో దాచుచున్నాము అను ప్రశ్నగా ఇది మారును.

నేను అనంతపుర సీమవాడను. 1882లో బళ్లారి జిల్లానుండి విడదీసి యేర్పరచిన అనంతపురము జిల్లా 2022లో మరల రెండుగా చీలి, అందు దక్షిణ భాగము శ్రీ సత్యసాయి జిల్లా యైనది. పేరులు మారినను నేల యొక్కటియే. సంవత్సరమునకు సుమారు 55 సెంటీమీటర్ల వాన. అదియు నైరృతి పవనములు పడమటి కనుమలపై కురియగా మిగిలివచ్చిన వాన. ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి ఆకసమువంక చూచుటయే యిచటి సేద్యగాని వ్రతము. ఒక యేడు పైరెండినచో అప్పు. మరుసటి యేడును ఎండినచో బెంగుళూరునకు వలస. అప్పులకు తాళలేక ప్రాణములు తీసికొన్న రైతుల వార్తలలో మా సీమ పేరు పలుమారులు పత్రికల కెక్కినది. ఇట్టి యింట ఒకనికి మతి చలించినచో వైద్యుని యొద్దకు పోవుట ఒక దినపు కూలిని పోగొట్టుకొనుట. కావున మొదట తాయెత్తు, పిదప ఏదో యొక దర్గా గాని దేవళము గాని, తుదకు పెరటి కొట్టము.

అయినను ఈ కరవునేలలో పాట మాత్ర మెండలేదు. లోహపు బిళ్ళలు పొదిగిన కొయ్యచెక్కలను చేతులలో మ్రోయించుచు, అడుగులు వేయుచు, గురువు చెప్పిన చరణమును అందరు కలిసి యెత్తుకొను చెక్కభజన. తాళములతో సాగు పండరిభజన. కోలలతో నాడు కోలాటము. మేఘగర్జనమును తలపించుటచే ఆ పేరు పొందిన ఉరుముల వాద్యము. వీని కన్నిటికి నొక సామాన్య లక్షణము కలదు. పాడువాడు వేరు, వినువాడు వేరు అను గోడ వీనిలో పలుచన. భజనమందిరమున టిక్కెట్టు లేదు, వేదిక లేదు. వచ్చి కూర్చున్నవాడు గొంతు కలిపినచో పాటగాడు, కలుపనిచో వినువాడు, ఒక్క రాత్రిలోనే అట్టునిట్టు పలుమారులు మారవచ్చును. ఈ సంగతి నేను పుస్తకములవలన గాక మా మేనమామవలన నేర్చుకొంటిని.

ఆయన మా తల్లికి కడగొట్టు తమ్ముడు. ఇరువదియేండ్ల ప్రాయమున మతి చలించెను. వినబడని మాటలు విని బదులు చెప్పుట, రాత్రులందు ఊరిబయట తిరుగుట, ఒకటి రెండుసారులు చేయి చేసికొనుట జరిగినవి. మా అవ్వ ఆయనను ఎద్దుల కొట్టములో నుంచెను. వ్యాధి ముదిరిన దినములలో కాలికి గొలుసుండెను. ఆ గొలుసు క్రూరత్వముచేత వేసినది కాదనియు, బావిలో పడునేమో యను భయముచేత వేసినదనియు మాత్రము చెప్పగలను. ఆయన కన్నమునకు లోటు లేదు. పండుగకు క్రొత్త పంచె యిచ్చుచుండిరి. కాని ఎవ్వరును ఆయనతో మాటాడరైరి. మాటాడవలసిన పని లేకపోయెను.

శనివారపు రాత్రులు రామమందిరమున భజన జరుగుచుండెను. ఆ నాదము కొట్టము వఱకు వచ్చుచుండెను. మామ గాడిబండపై అరచేతితో కొట్టుచు తాళము వేయుచుండెను. ఒకనాడు భజన గురువు, ఆయన కొలదిపాటి సేద్యగాడు, మా పెరటిదారిని పోవుచు ఆ శబ్దము విని నిలిచెను. కొంతసేపు విని లోనికి వచ్చి, "వచ్చే శనివారం వీనిని నా పక్కన కూర్చోబెట్టు పెద్దమ్మా" అని మా అవ్వతో ననెను. "వాడు మీ పాట సెడగొడతాడేమో నాయనా" అని అవ్వ భయపడెను. "సెడితే ఇంగోసారి పాడుకుంటాంలే, రాత్రి శానా పొడుగుంది" అని ఆయన నవ్వి వెడలిపోయెను.

మొదటి శనివారము మామ రెండు పాటలు కాకమునుపే లేచి పరుగెత్తెను. రెండవ శనివారము మూడు పాటలు కూర్చుండెను. గురువు ఆయన చేతికి కంచు తాళము లిచ్చి, ఏమియు బోధింపక, ఆయన వేయు వేగమునకు తన పాటనే కొంత తగ్గించి పాడెను. ఆయన తప్పినపుడు గురువు పాట నాపలేదు. ఆయన మరల అందుకొను వఱకు అదే చరణమును తిప్పి తిప్పి పాడుచుండెను. ఒక సంవత్సరము గడచునప్పటికి మామ శనివారమునాడు సాయంకాలము తానే స్నానము చేసి, తల దువ్వుకొని, పిలువకమునుపే మందిరమునకు పోవువాడయ్యెను. ఊరివారు మునుపు వాడుచుండిన మాటను విడిచి "తాళాలాయన" అన మొదలిడిరి. ఆ నడుమ బళ్లారిలోని ఒక వైద్యునియొద్ద మాత్రలును దొరకినవి. గొలుసు విప్పబడెను.

ఇచట చదువరులు న్యాయముగా నొక సందేహము నడుగవచ్చును. నయము చేసినది మాత్రయా, పాటయా? దీనికి సూటిగా సమాధానము చెప్పుట నా విధి. గొలుసును విప్పించినది మాత్ర. మాత్ర లేకుండ తాళముతోనే ఆయన వ్యాధి కుదిరెడిదని నేను చెప్పినచో, రోగులను దర్గాలలోను దేవళములలోను కట్టివేయువారి వాదమునకు నేనును బలము చేకూర్చినవాడ నగుదును. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపమున నొక పాకకు నిప్పంటుకొనగా గొలుసులతో కట్టబడియున్న రోగులు 28 మంది దగ్ధులైరి. వారి బంధువులును ప్రేమతోనే వారి నచట విడిచియుందురు. వైద్యము చేరవలసిన చోట మఱియొకదానిని నిలుపుట యెంత ప్రమాదమో ఆ భస్మము చెప్పుచున్నది. కావున సంగీతము వైద్యమునకు ప్రత్యామ్నాయమని యెవ్వరు చెప్పినను మనము నమ్మరాదు.

వైద్యము పల్లెకు చేరుట యసాధ్యమును కాదు. మా పొరుగున నున్న బళ్లారి జిల్లాయే యిందుకు నిదర్శనము. 1980ల నడిమి కాలమున బెంగుళూరులోని నిమ్హాన్సు వైద్యులు ఆ జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేయు సామాన్య వైద్యులకును కార్యకర్తలకును మనోవ్యాధులను గుర్తించి మందు లిచ్చుట నేర్పిరి. 1996లో దేశమున ప్రారంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు ఆ బళ్లారి ప్రయోగమే మాదిరి యయ్యెను. అయినను 2015–16లో జరిగిన జాతీయ సర్వేక్షణమున పెద్దలలో నూటికి సుమారు పదిమందికి ఏదో యొక మానసిక బాధ యున్నదనియు, వారిలో నెక్కువమందికి చికిత్స అందుట లేదనియు తేలినది. ఆ లోటును తాళములతో పూడ్చలేము.

అయినచో తాళము చేసిన దేమి? దీని నాలోచించుటకు కొంచెము దూరదేశమునకు పోవుదము. ఇంగ్లండులో పోవిక్ అను చోట నొక ఉన్మత్తశాల యుండెను. పిమ్మట ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధి చెందిన సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ తన యౌవనమున, 1879 మొదలు 1884 వఱకు, ఆ శాల బ్యాండుమేళమునకు నాయకుడుగా నుండెను. మేళములో వాయించువారు శాలలోని యుద్యోగులు. రోగులు ఆ వాద్యమునకు నృత్యము చేయుచుండిరి. ఆ కాలమునకు ఇది గొప్ప దయ. మన పండుగనాటి సభలకంటె ఒక మెట్టు పైనున్నదియు. కాని వాద్యములు మాత్రము ఉద్యోగుల చేతులలోనే యుండెను. లయ నిర్ణయించువారు ఒకరు, దాని ననుసరించువారు మఱియొకరు.

1959లో మొదలుపెట్టి అమెరికా సంగీతకర్త పాల్ నార్డాఫ్, వికలాంగ బాలుర ఉపాధ్యాయుడగు ఇంగ్లండువాడు క్లైవ్ రాబిన్స్ అను నిరువురు ఈ క్రమమును తలక్రిందులు చేసిరి. మాటలు రాని బిడ్డ చేతికి డప్పును పుల్లను ఇచ్చి, ఆ బిడ్డ యెట్లు కొట్టిన అట్లు పియానోపై వారే యనుసరించుచు వచ్చిరి. తాను కొట్టిన దెబ్బకు ప్రపంచమునుండి బదులు వచ్చుచున్నదని ఆ బిడ్డకు తెలియును. అప్పుడు బదులునకై యాగుటయు నేర్చును. మా ఊరి గురువు వీరి పేరులు విననివాడు. అయినను మామ తప్పినపుడు చరణమును తిప్పి పాడుటలో ఆయన చేసినది సరిగా నిదియే.

వినుటకును, కలిసి చేయుటకును గల భేద మిచట నున్నది. వినువాడు లేకున్నను పాట సాగును. తాళము వేయువాడు లేనిచో పాట కుంటుపడును. కొట్టములోని మనుష్యునికి అన్నము, బట్ట, మందు, దయ యన్నియు నీయవచ్చును. ఇన్ని యిచ్చిన పిమ్మటను ఆయన లేకపోయినచో లోకమున నేదియు నాగదను తెలివి ఆయనను లోలోపల తినుచుండును. మతి చలించినవానికి ఈ తెలివి యుండదని తలంచుట పొరపాటు. శనివారపు రాత్రి తాను రానిచో ఇరువదిమంది తలలెత్తి "తాళా లేవీ?" అని వెదకుదురను సంగతి మా మామకు ఆ పదియేండ్లలో మొదటిసారి తెలిసినది. ఆయన తల దువ్వుకొనుట కదియే కారణమని నా నమ్మకము.

ఇంక సంగీతముయొక్క ఫలమును గూర్చి శాస్త్రజ్ఞు లేమి చెప్పుచున్నారో దాచక చెప్పవలెను. విషాదరోగము గలవారికి సామాన్య చికిత్సతోపాటు సంగీత చికిత్సయు నిచ్చినచో కొంతకాలము వఱకు బాధ తగ్గునని 2017లో వెలువడిన యొక పరిశోధన సమీక్ష తేల్చినది. పక్షవాతముచే మాట పడిపోయినవారిలో కొందరు, చెప్పలేని మాటలనే పాటగా పాడగలుగుట వైద్యు లెరిగినదే. మరపు వ్యాధి ముదిరి బిడ్డల పేరులు మరచిన ముదుసలులు చిన్ననాటి పాటను చివరవఱకు పాడుట మన యిండ్లలోనే చూచుచున్నాము. కాని అదే 2017లో ఆటిజము గల బాలుర విషయమున 9 దేశములలో 364 మంది బిడ్డలపై జరిపిన పెద్ద పరిశోధనమున, సంగీత చికిత్సవలన వారి ముఖ్య లక్షణములలో చెప్పుకోదగిన భేదము కనబడలేదని తేలినది. పక్షమున నున్న సాక్ష్యమును మాత్రమే చెప్పి ప్రతిపక్ష సాక్ష్యమును దాచుట సత్యవాదుల లక్షణము కాదు.

ఈ రెండవ సాక్ష్యము విని, "అయినచో ఆ బిడ్డలకు సంగీత మేల? ఆ ధనమును మఱియొకదానికి వెచ్చింపవచ్చును గదా" యని కొందరు తొందరపడుదురు. వారి నొక్కటి యడిగెదను. మీ యింటి యారోగ్యవంతురాలగు కుమార్తెకు వీణ నేర్పునపుడు దానివలన నే వ్యాధి తగ్గునో విచారించితిరా? మీ మనుమడు మురిపెముగా గిన్నెపై గరిటెతో దరువు వేయునపుడు దాని ఫలితమును కొలిచితిరా? కొలువలేదు. పాట మనుష్యునికి సహజమైన సుఖమని యొప్పుకొని యూరకుంటిరి. ఆరోగ్యవంతునికి సుఖముగా నున్నది వికలాంగుని యొద్దకు వచ్చునప్పటికి మందుగా మారి, గుణమిచ్చిన గాని అక్కరకు రానిదగు టెట్లు? తన ప్రతి సుఖమునకును లాభమును ఋజువు చేయవలసిన భారము దుర్బలునిపై మాత్రమే మోపుట న్యాయము కాదు. చికిత్సగా దాని విలువ ఎంతయో వైద్యులు కొలుతురు గాక. మనుష్యుని పాలుగా దాని విలువ ఆ కొలతపై నాధారపడదు.

రెండవ యాక్షేపము కళాభిమానులది. "తాళము తప్పువానిని, శ్రుతి కలియనివానిని చేర్చుకొనినచో పాట చెడదా?" యని వారందురు. దీనికి ద్వారమువారి పేరు చెప్పి తప్పించుకొనుట సులభము. 1919లో విజయనగరమున మహారాజా విజయరామ గజపతి స్థాపించిన సంగీత కళాశాలకు, ఒక ఆస్థానోద్యోగి అంధకుమారుని సంగీతాభిలాషయే కారణమని చెప్పుదురు. హరికథా పితామహుడగు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి యధ్యక్షుడు. చూపు మందమైన ద్వారము వెంకటస్వామినాయుడు అచట వాయులీనాచార్యుడై, 1936లో అధ్యక్షుడై, దక్షిణదేశమంతట కీర్తి గడించెను. ఒక గ్రుడ్డిబిడ్డ కొరకు తెరచిన తలుపులో ఆంధ్రదేశపు సంగీతమే ప్రవేశించెననుట మనకు గర్వకారణము. కాని ఈ యుదాహరణము నా ప్రశ్నకు పూర్తి సమాధానము కాదు. ప్రతిభ గలవానికి చోటిచ్చుటలో మనకు త్యాగ మేమున్నది? ప్రతిభ లేనివాని మాట యేమి?

ఈ ప్రశ్నకు మా యింటి కథలోని మిగిలిన భాగమే సమాధానము. అది నాకు సిగ్గు కలిగించు భాగము. ఒక యేడు పొరుగూరి జాతరలో భజన పోటీ యేర్పాటు చేసిరి. మా జట్టు పోవలసియుండెను. పెద్దలు మా యింటి యరుగుపై కూర్చుండి, తాళాలాయనను తీసికొనిపోవుటయా, మానుటయా యని తర్కించిరి. నేను కళాశాలనుండి సెలవులకు వచ్చియుంటిని. చదువుకొన్నవాడనని నన్నును అడిగిరి. "క్రొత్త ఊరు, క్రొత్త జనము, అక్కడ ఏమైనా జరిగితే మన పరువు పోతుంది" అంటిని. ఆయన మంచికొరకే చెప్పుచున్నాననియు అంటిని. గురువు నావంక చూచి యేమియు పలుకలేదు. జట్టు మఱియొకనిని తీసికొనిపోయి, ఒక ఇత్తడి దీపపుసెమ్మెను గెలుచుకొని వచ్చెను. ఆ రాత్రి మా మామ స్నానము చేసి, తల దువ్వుకొని, చీకటి మందిరములో ఒక్కడే కూర్చుండెనని మా అవ్వ పిదప చెప్పెను. ఆనాడు శనివారము. పోటీ సంగతి ఆయనతో నెవ్వరును చెప్పలేదు. మునుపటివలెనే, మాటాడవలసిన పని యున్నదని మాలో నెవ్వరికిని తోచలేదు.

మరుసటి శనివారము ఆయన వచ్చెను గాని తాళములు పట్టలేదు. స్తంభమున కానుకొని కూర్చుండెను. ఉగాది వెళ్ళిన పిదప గాని మరల పట్టలేదు. పట్టిన పిమ్మటను, ప్రతి పాటకు ముందు గురువు మొగమువంక నొకసారి చూచి, ఆయన తల యూపిన పిదపనే మొదలుపెట్టుట ఆయనకు అలవాటయ్యెను. మునుపు ఆ చూపు లేదు. ఆయన చనిపోవు వఱకు ఆ చూపు పోలేదు.

ఆ దీపపుసెమ్మె ఇప్పటికిని మందిరములో నున్నది. దానిని చూచినపుడెల్ల నాకు కళాభిమానుల యాక్షేపము జ్ఞప్తికి వచ్చును. పాట చెడకుండ కాపాడితిమి, నిజమే. కాని పాట నెందులకు కాపాడితిమి? పదిమంది యెదుట గెలుచుటకు కళాశాలలు, సభలు, పోటీలు కలవు. అచట శ్రుతిలయల కఠినత్వము ఉండవలసినదే. భజనమందిరము పుట్టినది దానికి కాదు. అచట జట్టు తన వేగమును తగ్గించుకొనవచ్చును. కష్టమైన నడకను విడిచి సులభమైన యాదితాళమును పట్టవచ్చును. ఒకడు తప్పినపుడు చరణమును మఱియొకసారి తిప్పవచ్చును. గురువుగారు పదునేను సంవత్సరములు ఈ పని చేసినను ఆ యూరి పాట చెడిపోలేదు. దానిని కొంచెము చెరిపినది నా యొక్క మాట.

మూడవ యాక్షేపము ఎవ్వరును పైకి చెప్పరు గాని మనస్సులో నుండును. చెవిటివారికి, బుద్ధి వికసింపనివారికి చక్కగా నందునవి వీణావేణువులు కావు, దరువు. చెవిటిబిడ్డ యరచేతిని డప్పు చర్మముపై నానించినచో నాదము ఎముకలగుండ లోనికి పోవును. పన్నెండేండ్ల ప్రాయమునకే వినికిడి దాదాపుగ కోల్పోయిన స్కాట్లండు వనిత ఎవిలిన్ గ్లెన్నీ, పాదరక్షలు విడిచి నేలనుండి కంపనమును గ్రహించుచు, తాళవాద్యములలో జగత్ప్రసిద్ధి గాంచినది. మా సీమలో ఉరుములను మించిన గంభీరనాదము మఱియొకటి లేదు. దాని మ్రోత గుండెకు తగులును. అయితే ఉరుమును, పలకను తరతరములుగా వాయించినవారు దళితులు. మనము వారిని జాతరకు పిలిచి, దూరమున నిలువబెట్టి, కూలి యిచ్చి పంపివేసితిమి. మన యింటి చెవిటిబిడ్డకు దరువు నేర్పుటకు తగిన గురువు ఆ వాడలో నున్నాడు. ఆయనను అరుగుపై కూర్చుండబెట్టి "అయ్యా, మా బిడ్డకు నేర్పుడు" అని యడుగుటకు మన మెందరము సిద్ధముగా నున్నాము? పెరటిలో దాచబడినవానికిని, ఊరిబయట నిలుపబడినవానికిని కావలసిన ద్వార మొక్కటియే. ఒకనికి తెరచి రెండవవానికి మూయుట సాధ్యము కాదు.

మా సీమ ఈ విషయమున పూర్తిగా నిద్రించుచున్నదని చెప్పుట యన్యాయము. స్పెయిను దేశమునుండి భారతదేశమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించెను. 2009లో ఆయన మరణించునాటికి ఆ సంస్థ బావులు, ఇండ్లు, ఆసుపత్రులతోపాటు అంధులకును, బధిరులకును, బుద్ధిమాంద్యము గల బిడ్డలకును పాఠశాలలు నెలకొల్పియుండెను. పూర్వజన్మ కర్మమని మూలకు త్రోయబడిన బిడ్డ పలకయు బలపమును పట్టి బడికి పోవుట మా పల్లెలు కన్నులార చూచినవి. పాఠశాల చేయగలిగినది పాఠశాల చేసినది. సెలవులకు ఇల్లు చేరిన ఆ బిడ్డకు ఊరి కోలాటములో నొక జత కోలలు దొరకునా లేదా యనునది పాఠశాల చేతిలో లేదు. మన చేతిలో నున్నది.

శాసనములును మనకంటె ముందు నడచినవి. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల శాసనము, సాంస్కృతిక జీవనమునందు ఇతరులతో సమానముగా పాల్గొనుట వారి హక్కని చెప్పి, దానిని కాపాడు భారమును ప్రభుత్వముపై నుంచినది. 2017వ సంవత్సరపు మానసికారోగ్య శాసనము రోగిని ఏ విధముగ నైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. గొలుసును తీసివేయుమని శాసన మాజ్ఞాపింపగలదు. పక్కన కూర్చుండబెట్టుకొనుమని మాత్ర మాజ్ఞాపింపజాలదు.

ఈ యుత్సాహములో మనము చేయగల తప్పులను గూర్చియు హెచ్చరించుట మంచిది. కలిసి పాడుట హక్కైనచో పాడకుండుటయు హక్కే. కొందరికి పెద్దనాదము బాధ. ఆటిజము గల బిడ్డలలో ననేకులు హఠాత్తుగ మ్రోగు డప్పునకు చెవులు మూసికొని రోదింతురు. అట్టివారిని బలవంతముగ వలయములోనికి లాగుట మఱియొక గొలుసు వేయుటయే. దాతలు వచ్చిన దినమున వికలాంగ బాలురను వరుసగా నిలువబెట్టి నెలలకొలది వల్లెవేయించిన పాటను పాడించి, చూచువారి కన్నుల నీరు తెప్పించి, చందాలు పోగుచేయుట యింకను పెద్ద తప్పు. అది వారి పాట కాదు. మన యవసరమునకు వారిచేత చేయించుకొన్న పని. ఆ బిడ్డ చూచువా రెవ్వరును లేనినాడును ఆ డప్పు నొద్దకు తానై పోవునా యని విచారించిన నిజము తేలును.

చదువరులు తమ యింట నేమి చేయవలెనని యడుగుదురేని, పెద్ద పనులేవియు నే చెప్పను. వ్యాధిగ్రస్తుని, వికలాంగుని సేవ మన యిండ్లలో నెక్కువగా తల్లులపైనను అక్కచెల్లెండ్రపైనను పడియున్నది. వారానికి ఒక సాయంకాలము ఆ భారమును వీధి పంచుకొనుట కలిసి పాడుటవలన గలుగు మఱియొక మేలు. మా మామ మందిరమున నున్నంతసేపు మా అవ్వ నిశ్చింతగా నిద్రించెడిది. మీ యూరి భజనకు గాని, కోలాటమునకు గాని, నవరాత్రుల బొమ్మల కొలువు పాటలకు గాని పోవునపుడు, పెరటిలో నున్నవారిని గూర్చి ఒక్కసారి తలంపుడు. వారు వచ్చెదరేమో వారినే యడుగుడు. వచ్చినచో చేతికి తాళము లిండు. తప్పినచో చరణమును మఱియొకసారి తిప్పుడు. రానందురేని ఊరకుండి, మరుసటి వారము మరల నడుగుడు.

పోటీ వచ్చిననాడును వారిని విడువకుడు. ఈ యొక్క మాట చెప్పుటకే నే నీ వ్యాసము వ్రాసితిని. తక్కిన దినములలో వారిని పిలుచుట కష్టము కాదు. మన పరువు తూగు దినమునాడే వారు మనవారో కారో తేలును. గురువుగారు గతించినారు, మామయు గతించినాడు. నేను చెప్పిన ఆ మాటకు క్షమాపణ కోరుటకు వారిరువురిలో నొక్కరును లేరు. శనివారములు మాత్ర మింకను వచ్చుచున్నవి. మందిరములో తాళములు పట్టుటకు చేతులును ఊరిలో నున్నవి.